చేతికి తగిన పిస్టల్

మన బడి స్టాఫ్ రూములో పటాలూ గ్లోబులూ దాచే బీరువా పై అరలో ఒక నల్ల పెట్టె ఉంది. నిరుడు మన సంఘం బడికి బహూకరించిన ఎయిర్ పిస్టల్ అందులో ఉంది. ఇచ్చిన రోజున అందరం ఫొటోలు దిగాం, లడ్డూలు పంచుకున్నాం. ఆ తర్వాత అది బయటికి వచ్చింది మూడంటే మూడుసార్లు. పిల్లలకు ఇష్టం లేక కాదు. పీఈటీ మేడమ్ దగ్గర పదకొండు మంది పేర్లిచ్చారు. లోపం మనం కొన్న పిస్టల్‌లో ఉంది. కొనుగోలు కమిటీలోని ముగ్గురిలో నేనొకణ్ణి కాబట్టి ఈ మాట నేనే రాయడం న్యాయం.

స్వర్ణోత్సవ సంచికకు ఎన్.సి.సి. జ్ఞాపకాలు రాయమని సంపాదకులు అడిగారు. అవి ఎలాగూ వస్తాయి. అయితే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇంకో రెండు పిస్టళ్ళు కొనాలనే తీర్మానం ఉంది. అంతకు ముందు, గురి నేర్చుకోవడానికి ఎలాంటి పిస్టల్ కావాలన్న ప్రశ్న ఎంత పాతదో, దానికి లోకం ఎన్ని తప్పులు చేసి జవాబు కనుక్కుందో చెప్పాలనిపించింది. చరిత్ర మాస్టారు మనకు తేదీలు బట్టీ పట్టించారు గాని, వస్తువులకు కూడా చరిత్ర ఉంటుందని నాకు తెలిసింది ఖాకీ తొడుక్కున్నాకే.

నేను 1972 బ్యాచ్. ఆ రోజుల్లో మన బడి ఎన్.సి.సి. ట్రూపుకు ఏడాదికోసారి ఫైరింగ్ ఉండేది. పాయింట్ ట్వంటీటూ రైఫిల్, ఒక్కొక్కరికి ఐదు తూటాలు. గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకుని, చెంప కర్రకు ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చేవాళ్ళం. "టప్" మని చిన్న చప్పుడు, భుజానికి చిన్న తోపు, అంతే. నా ఐదు తూటాలూ ఒక రూపాయి బిళ్ళంత జాగాలో పడ్డాయని కార్డు చూపించి డ్రిల్లు మాస్టారు నా వీపు తట్టారు. నేను పోలీసు ఉద్యోగానికి వెళ్ళడానికి ఆ కార్డే కారణమంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

1979లో ఎస్సైగా శిక్షణకు వెళ్ళాను. అక్కడ నా చేతిలో పెట్టింది పాయింట్ త్రీ ఎయిట్ రివాల్వర్. మొదటి రోజు ఆరు తూటాల్లో ఒక్కటీ బోర్డుకు తగల్లేదు. తుపాకి తన్నిన తన్నుకు మణికట్టు పైకి లేచింది, చెవులు గింగురుమన్నాయి. రెండో వారానికి ఇంకా దిగజారాను. పేలకముందే కళ్ళు మూతపడేవి, చెయ్యి కిందికి వంగేది. అలా వంగుతోందని నాకు తెలియనే తెలియదు.

మాకు నేర్పే ఉస్తాద్ హెడ్ కానిస్టేబుల్. హోదాలో మేం పెద్ద గనుక "సార్" అనేవాడు. ఆ "సార్" లోనే తిట్టూ ఇమిడి ఉండేది. ఒకరోజు నా రివాల్వర్ తనే నింపి ఇచ్చాడు. నాలుగు గదుల్లో తూటాలు, రెండింట్లో ఖాళీ తొడుగులు. ఏ గదిలో ఏముందో నాకు చెప్పలేదు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే "టిక్" మంది. తూటా లేదు, తన్నూ లేదు. అయినా తుపాకి మూతి జానెడు కిందికి దూకింది. వెనకాల నిలబడ్డవాళ్ళంతా చూశారు. "సార్, తుపాకి మిమ్మల్ని తన్నడం లేదు, మీరే దాన్ని తంతున్నారు" అన్నాడు.

అప్పుడాయన ఇచ్చిన మందు ఒక పాత స్ప్రింగ్ ఎయిర్ పిస్టల్. నెల రోజులపాటు సాయంత్రం పూట బ్యారక్ వెనక గోడకు అట్ట కట్టి, రోజుకు నలభై పెల్లెట్లు కాల్చమన్నాడు. తోటివాళ్ళు "బొమ్మ తుపాకి ఎస్సై" అని పేరు పెట్టారు. నెల తర్వాత రివాల్వర్ పరీక్షలో పాసయ్యాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఎందరికో ఫైరింగ్ నేర్పాను. కుర్రవాడు ఎంత బలశాలి అయినా మొదటిరోజే పెద్ద తుపాకి మాత్రం ఇవ్వలేదు.

"బొమ్మ తుపాకి" అనే ఎగతాళి మా బ్యారక్‌లో పుట్టింది కాదు, చాలా పాతది. 1845 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే ఆయుధశిల్పి ఇంటి హాలులో కాల్చుకునేందుకు అతి చిన్న తూటా తయారుచేశాడు. చప్పుడు తక్కువ, తన్ను దాదాపు లేదు. వాటిని పార్లర్ తుపాకులనేవారు, అంటే డ్రాయింగ్ రూము సరదా అన్నమాట. ఆ వంశంలోనే 1887లో అమెరికాలో పాయింట్ ట్వంటీటూ లాంగ్ రైఫిల్ తూటా పుట్టింది. మన ఎన్.సి.సి. పిల్లలు కాల్చినదీ, నేటికీ ఒలింపిక్స్ 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో కాల్చేదీ అదే.

కానీ 1896లో ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ నాటికి దానికింకా మర్యాద దక్కలేదు. బోస్టన్‌కు చెందిన జాన్ పెయిన్, సమ్నర్ పెయిన్ అనే అన్నదమ్ములు వెళ్ళారు. ఏ పిస్టల్‌ను అనుమతిస్తారో తెలియక అరడజనుకు పైగా వెంట మోసుకెళ్ళారు. 25 మీటర్ల మిలిటరీ పిస్టల్ పోటీలో జాన్‌కు 442, సమ్నర్‌కు 380 వస్తే మూడో స్థానంలో ఉన్నతనికి 205 మాత్రమే. ఒక పోటీ గెలిచినవాడు తర్వాతి దానినుంచి తప్పుకోవాలని అన్నదమ్ములు ముందే అనుకున్నారు. అందుకని 30 మీటర్ల పోటీ అన్నకు వదిలి జాన్ పక్కకు తప్పుకున్నాడు, సమ్నర్ గెలిచాడు. ఇక మూడోదైన ర్యాపిడ్ ఫైర్ పోటీలో వాళ్ళ పాయింట్ ట్వంటీటూ పిస్టళ్ళను చూసి నిర్వాహకులు తల అడ్డంగా ఊపారు. మామూలు కాలిబర్ కాదన్నారు. గురిపోటీలో కూడా యుద్ధానికి పనికొచ్చేదే తుపాకి అని వాళ్ళ లెక్క.

తర్వాతి కథంతా ఆ లెక్క తిరగబడిన కథ. యాభై అరవై ఏళ్ళలో ర్యాపిడ్ ఫైర్ పోటీవాళ్ళే లాంగ్ రైఫిల్ తూటా కూడా ఎక్కువ తన్నుతోందని పాయింట్ ట్వంటీటూ షార్ట్‌కు దిగారు. బ్యారెల్‌కు పైన చిల్లులు పెట్టి పొగ పైకి పోయేలా చేశారు, మూతి లేవకుండా. సోవియట్ వాళ్ళు ఇంకో అడుగు వేసి 1956లో పిస్టల్‌ను తల్లకిందులుగా తయారుచేశారు. బ్యారెల్ చేతికన్నా కిందుంటే తన్ను పైకి కాక నేరుగా వెనక్కి వస్తుందని వాళ్ళ ఆలోచన. అది బాగా పనిచేసింది, అందుకే తర్వాత నిబంధనలు దాన్ని నిషేధించాయి. మనిషి ఏ ఆయుధాన్నైనా బలం పెంచుతూ పోవడం చూశాం గాని, బలం తగ్గించడానికి ఇంత తెలివి ఖర్చుపెట్టింది ఈ ఒక్క చోటే అనుకుంటాను.

ఎయిర్ పిస్టల్ సంగతి ఇంకా చిత్రం. స్ప్రింగ్ పిస్టల్‌లో తూటామందు ఉండదు. బిగించిన స్ప్రింగు విడిచిపెడితే లోపలి పిస్టన్ ముందుకు దూకి గాలిని నొక్కుతుంది, ఆ గాలి పెల్లెట్‌ను తోస్తుంది. అయితే పెల్లెట్ బయటపడకముందే ఆ పిస్టన్ దూకుడుకు పిస్టల్ మొత్తం ఒకసారి అదురుతుంది. మా ఉస్తాద్ ఇచ్చినదానికీ ఆ జబ్బుంది. 1965లో జర్మనీ కంపెనీ ఫైన్‌వెర్క్‌బావ్ తన 65 మోడల్‌తో దీనికి విరుగుడు తెచ్చింది. పిస్టల్ పైభాగమంతా చిన్న పట్టాలమీద వెనక్కి జారుతుంది, అదురు అక్కడే అణిగిపోయి చేతిదాకా రాదు. ఆ తర్వాత మీటతో ఒక్కసారి గాలి కొట్టి కాల్చేవి వచ్చాయి, గ్యాస్ సిలిండర్‌వి వచ్చాయి. ఇప్పుడు పోటీల్లో కనిపించేవన్నీ బ్యారెల్ కింది సన్నటి సిలిండర్‌లో 200 బార్ వరకు గాలి నింపుకునేవి. పేలినప్పుడు చేతికి తెలిసేది ఒక తుమ్ము పాటి కూడా ఉండదు. 1970 నుంచి ప్రపంచ పోటీల్లో, 1988 సియోల్ నుంచి ఒలింపిక్స్‌లో ఎయిర్ పిస్టల్ ఉంది. ఏథెన్స్‌లో పాయింట్ ట్వంటీటూనే వద్దన్న ఆటలు 92 ఏళ్ళకు గాలి పిస్టల్‌కు పతకం పెట్టాయి.

ఇక్కడ చిన్న పిట్టకథ. జేమ్స్ బాండ్ వేషంలో షాన్ కానరీ పొడుగాటి పిస్టల్ గుండెలకు ఆనించుకుని నిలబడ్డ పోస్టర్ మనలో చాలామంది చూసే ఉంటారు. ఫొటోల రోజున బాండ్‌గారి అసలు పిస్టల్ తేవడం మరిచిపోయారట. ఫొటోగ్రాఫర్ తన సొంత వాల్టర్ ఎల్‌పీ 53 ఇచ్చి పని కానిచ్చాడు. అది ఎయిర్ పిస్టల్. లోకాన్ని హడలెత్తించిన ఆ పోజులో ఉన్నది మా బ్యారక్ భాషలో బొమ్మ తుపాకే!

పోటీ లెక్కలు తెలిస్తే ఆ పేరు ఎవరూ పెట్టరు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, చొక్కా బొత్తాం పాటిది. ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు ఉంటే, కాల్చే క్షణంలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే చాలు, అట్ట దగ్గర పెల్లెట్ మూడు సెంటీమీటర్లు తప్పుతుంది. ఒంటిచేత్తో, మరో ఆధారం లేకుండా, గంటంబావులో 60 సార్లు ఇది చెయ్యాలి. నేను రివాల్వర్‌తో జానెడు దూకించానని చెప్పాను కదా, ఇక లెక్క మీరే వేసుకోండి.

అందుకే నేర్చుకునే పిస్టల్ ఎంచుకోవడంలో కంపెనీ పేరు చివరి మాట. మొదటి మాట పిడి. ట్రిగ్గర్ మీద చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం నిటారుగా ఆనాలి, మిగతా వేలు పిడి చెక్కకు తగలకూడదు. చెయ్యి చిన్నదైతే వేలి కొస మాత్రమే అందుతుంది, అప్పుడు నొక్కిన ప్రతిసారీ పిస్టల్ పక్కకు లాగుతుంది. ఇది అభ్యాసంతో పోయే తప్పు కాదు. పిడులు చెక్కతో చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. కుడికి వేరు, ఎడమకు వేరు. కింద అరచేతికి ఆనే బల్లను పైకీ కిందికీ జరపవచ్చు. మణికట్టును మాత్రం తాకకూడదని నిబంధన.

రెండోది బరువు. 1500 గ్రాముల దాకా అనుమతి ఉంది. అనుభవజ్ఞులకు బరువు ఉంటేనే చెయ్యి నిలుస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లకు మాత్రం కిలో పిస్టల్ ఇరవయ్యో షాటుకే భుజాన్ని వణికిస్తుంది. మూడోది ట్రిగ్గర్. కనీసం 500 గ్రాముల బరువును అది ఆపాలి. పోటీకి ముందు అర కిలో తూకం వేలాడదీసి పరీక్షిస్తారు. మా రివాల్వర్ ట్రిగ్గర్‌ను నేరుగా లాగితే నాలుగైదు కిలోల బలం పట్టేది. అది నేర్పింది భయమే గాని గురి కాదు.

బడికి ఎయిర్ పిస్టలే తగినదనడానికి చట్టం కూడా ఒక కారణం. 1959 ఆయుధాల చట్టం కింద పాయింట్ ట్వంటీటూ పిస్టల్‌కు లైసెన్సు తప్పనిసరి. 4.5 మిల్లీమీటర్ల మామూలు పోటీ ఎయిర్ పిస్టల్‌కు అక్కర్లేదు. అంతమాత్రాన అది ఆటబొమ్మ కాదు, కన్ను పోతుంది. వెనక గట్టి గోడ, పెల్లెట్లు పట్టే పెట్టె, ఒకరి మాట మీదే అందరూ కాల్చడం, ఆపడం ఉండాలి. పెల్లెట్ సీసం గనుక పిల్లలు అన్నం ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ చివరిదాన్ని మన కాలంలో ఎవరూ పట్టించుకోలేదు. ఫైరింగ్ అయ్యాక అదే చేత్తో పూరీలు తిన్నాం.

మన దేశంలో ఈ ఆటకు సంఘం 1951లో ఏర్పడింది. నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు తొలి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్. చాలాకాలం రాజకుటుంబాలు, సైనికులు, పోలీసులు తప్ప సామాన్యులు అటు వెళ్ళలేదు. 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో పద్దెనిమిదేళ్ళ జస్పాల్ రాణా పిస్టల్‌తో స్వర్ణం గెలిచినప్పుడు మా పోలీసు మెస్సులో అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం నాకు గుర్తు. ఆయన శిష్యురాలు మను భాకర్ 2021లో టోక్యోలో పోటీ మధ్యలో పిస్టల్ మీట విరిగి విలువైన నిమిషాలు పోగొట్టుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. చేతిలోని వస్తువు ఎంత ముఖ్యమో ఆ రెండు ఒలింపిక్స్ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

మన తెలుగునేల మాట చెప్పకపోతే తప్పు. హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012 లండన్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. అదే నగరం అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్ళ వయసులో పిస్టల్ పట్టింది. రేంజి రోజూ అందుబాటులో లేకపోతే తండ్రి ఇంట్లోనే కాగితం టార్గెట్లతో ఏర్పాటు చేశాడు. పదమూడేళ్ళకు, 2018లో, తిరువనంతపురంలో జాతీయ ఛాంపియన్ అయింది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు. ఇంట్లో గోడ, కాగితం, చేతికి తగిన పిస్టల్. మన బడి వరండా అంతకన్నా పొడుగే.

ఇప్పుడు బీరువాలోని పెట్టె దగ్గరికి వస్తాను. కమిటీ ముగ్గురం కేటలాగు చూసి, అందరూ పొగిడే విదేశీ మోడల్, ఖరీదు లక్షకు పైమాట, పెద్ద సైజు కుడిచేతి పిడితో కొన్నాం. ముగ్గురం చేతిలో పట్టుకుని "భలే కుదిరింది" అనుకున్నాం. మావి అరవై దాటిన మగవాళ్ళ చేతులు. పిల్లల్లో ఒక్కరి చెయ్యైనా కొలిచామా అంటే లేదు. ఉద్యోగమంతా కుర్రాళ్ళకు నేర్పినవాణ్ణి నేను. నాకు తట్టకపోవడం మిగతా ఇద్దరి తప్పు కన్నా పెద్దది.

మొదటి రోజు నేనే నేర్పడానికి వెళ్ళాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. పిస్టల్ ఎత్తింది, నిలబడ్డ తీరు బ్రహ్మాండం. ఎంతకీ కాల్చదే! "ఏమైందమ్మా?" అంటే "తాతగారూ, వేలు అందట్లేదండి" అంది. దగ్గరికి వెళ్ళి చూస్తే ఇంకో సంగతి. ఆ పిల్లది ఎడమచేతి వాటం. కుడిచేతి పిడిలో ఎడమచెయ్యి దూర్చడానికి తంటాలు పడుతోంది, నేను కోప్పడతానేమోనని చెప్పలేదు. కుడిచేత్తో ప్రయత్నించనా అని అడిగింది కూడా. నేను "సరే" అనబోయి ఆగిపోయాను.

ఆగడానికి కారణం కారోయ్ టకాచ్. హంగరీ సైన్యంలో పిస్టల్ నిపుణుడు. సార్జంట్ హోదా అని 1936 ఒలింపిక్స్‌కు పంపలేదు. ఆ నియమం తీసేశాక 1940 మీద ఆశ పెట్టుకున్నాడు. 1938లో శిక్షణలో గ్రెనేడ్ చేతిలోనే పేలి కుడిచెయ్యి నుజ్జయింది. ఆసుపత్రి నుంచి వచ్చి ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో మొదటినుంచి మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే జాతీయ పోటీ గెలిచాడు. యుద్ధం రెండు ఒలింపిక్స్‌ను మింగేసింది. 1948లో లండన్‌కు వెళితే, అప్పటి ప్రపంచ ఛాంపియన్ అయిన అర్జెంటీనా షూటర్ మీరెందుకొచ్చారని అడిగాడట, నేర్చుకోవడానికని ఇతని జవాబు. 580 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు, అప్పటికి 38 ఏళ్ళు. 1952 హెల్సింకీలో మళ్ళీ గెలిచాడు.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా అందరూ చెబుతారు. నాకు కనిపించేది మరొకటి. ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారడానికి టకాచ్‌కు గ్రెనేడ్ పేలాల్సి వచ్చింది. ఆ పిల్లకు మన కమిటీ కేటలాగు చాలు. చెయ్యి మార్చుకోమనడం తేలిక, ఎందుకంటే పిడి మార్చడం మనకు ఖర్చు. నిజానికి పెద్ద ఖర్చు కూడా కాదు. చాలా మోడళ్ళకు పిడి ఊడదీసి వేరేది బిగించవచ్చు. పూర్తిగా చెయ్యి మాత్రమే కాదు, కన్ను కూడా చూడాలి. రెండు చేతులు చాచి, మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో గోడ గడియారాన్ని చూడమన్నాను. ఒక్కో కన్ను మూయిస్తే ఏ కంటికి గడియారం మాయం కాలేదో అదే గురి కన్ను. ఆ అమ్మాయికి చెయ్యీ ఎడమే, కన్నూ ఎడమే.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఉన్న పిస్టల్‌కు చిన్న సైజు ఎడమ పిడి ఒకటి, మధ్య సైజు కుడి పిడి ఒకటి తెప్పిద్దాం. కొత్తగా కొనే రెండూ సిలిండర్‌వి వద్దు. వాటికి పంపు కావాలి, సిలిండర్ గడువు పదేళ్ళే, బాగుచేసేవాళ్ళు మన ఊళ్ళో లేరు. మీటతో ఒక్కసారి గాలి కొట్టేవి చాలు, ఖర్చు తక్కువ, అదురు లేదు. ప్రతి షాటుకూ గాలి కొట్టాలి గనుక పిల్లలు తొందరపడి కాల్చరు కూడా. మీట గట్టిగా ఉంటుంది, చిన్నపిల్లలకు పక్కవాళ్ళు సాయం పట్టాలి, అదొక్కటే ఇబ్బంది. మా కమిటీలో ఒక మిత్రుడు "జూబిలీకి ఇచ్చేది కాస్త ఘనంగా ఉండాలి కదరా" అన్నాడు. ఘనమైనదే బీరువాలో ఉందిరా అన్నాను. వాడు నవ్వాడు గాని ఇంకా ఒప్పుకోలేదు, సమావేశంలో మాట్లాడతాడు, వినండి.

పోయిన నెల పీఈటీ మేడమ్ పదకొండు మంది చేత గ్రాఫ్ కాగితం మీద అరచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీయించారు. మధ్యవేలి కొస నుంచి మణికట్టు గీత దాకా పొడవు, వెడల్పు కింద రాశారు. తొమ్మిది కుడివి, రెండు ఎడమవి. రెండో ఎడమచెయ్యి ఎవరిదో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఏడో తరగతి అబ్బాయిది, కుడిచేత్తో రాయడం ఇంట్లో అలవాటు చేశారట. ఆ కాగితాలు సంఘం ఫైల్లో పెట్టాను. సమావేశానికి వచ్చినప్పుడు చూడండి.